తెగాల్సిన కుట్టు

మొన్న మంగళవారం పొద్దున్నే షాపు షట్టరు ఎత్తుతుంటే ఎదురుగా ఆగిన లారీ అద్దానికి ఎర్ర ఊలు దారం ముక్క కనిపించింది. జానెడు ఉంటుంది. ఎండకీ దుమ్ముకీ రంగు వెలిసి ఇటుకపొడి రంగులోకి దిగింది. డ్రైవరు ఒడిశా మనిషి. బరకం మూల చిరిగితే కుట్టించుకుందామని ఆగాడు. ఆ దారం ఎవరు కట్టారని అడిగితే వచ్చీరాని తెలుగులో, "నేను ఈ బండెక్కకముందు నుంచీ ఉంది సార్. దిష్టికేమోనని తియ్యలేదు" అన్నాడు.

అది దిష్టికి కట్టింది కాదు. కట్టినవాడు పోయి రెండేళ్ళు దాటింది. అతను కట్టిన దారాలు ఈ హైవే మీద ఇంకా ఎన్ని తిరుగుతున్నాయో నాకు తెలియదు. ఒక్కటి నా షాపు ముందుకొచ్చి ఆగేసరికి ఆ పూటకి పని చెయ్యబుద్ధి కాలేదు.

నాది జగ్గయ్యపేట. హైవే పక్కన మా నాన్న పెట్టిన బరకాల షాపు. లారీల మీద కప్పే బరకాలు, మిర్చి కల్లాల్లో కప్పేవి, ట్రాక్టరు టాపులు, ఇవే నా బతుకు. డిగ్రీ రెండో ఏడాదిలో మానేసి మిషనెక్కాను. అప్పుడప్పుడు ఇలా ఏదో ఒకటి రాసి పత్రికలకి పంపుతుంటాను. దయగలవాళ్ళు వేస్తుంటారు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. అతని విషయంలో నాకా ఇబ్బంది లేదు, నాకు తెలిసిందంతా మంచే. చెడ్డ సంగతి నాది. దాన్ని చివరిదాకా దాచి మిమ్మల్ని ఉలిక్కిపడేలా చెయ్యడం నాకిష్టం లేదు, ఇప్పుడే చెప్పేస్తాను. అతను గాల్లో ఎగరడానికి తొడుక్కున్న రెక్కల సూటు కుట్టింది నేను. అందులో ఒక కుట్టు తెగాలి. తెగలేదు.

పేరు రాయను. రాయొద్దని ఎవరూ అనలేదు. నాకే చెయ్యి రావడం లేదు.

అతను నందిగామ బైపాస్ దగ్గర ఒక రేకుల షెడ్డులో టర్బోలు బాగుచేసేవాడు. టర్బో అంటే లారీ ఇంజనుకి గాలి ఎగదోసే సామాను. చూడ్డానికి పెద్ద నత్తగుల్లలా ఉంటుంది. లోపల పిడికిలంత చక్రం ఒకటి కంటికి కనపడనంత వేగంగా తిరుగుతుంది. మిగతా మెకానిక్కులు దాన్ని విప్పి చూస్తారు. అతను మాత్రం ముందు చెవి దగ్గర పెట్టుకుని, చక్రాన్ని చూపుడువేలితో మెల్లగా తిప్పి, కళ్ళు మూసుకుని వినేవాడు. తర్వాత చెప్పేవాడు, ఏం పోయిందో. నాకు తెలిసి తప్పు చెప్పలేదు.

కుర్చీలో కూర్చోగా నేనతన్ని చూడలేదు. ఎక్కడికొచ్చినా గొంతుక్కూర్చోవడమే. మోచేతులు రెండూ మోకాళ్ళ మీద, చేతుల్లో ఏదో ఒక మర. మాటకి ముందు ఒక నవ్వు, అదీ సగమే. ఏది అడిగినా ఒకటే జవాబు: "దాన్నే అడుగుదాం." ఈ బోల్టు ఆగుతుందా అంటే "దాన్నే అడుగుదాం" అని బిగించి, సుత్తితో రెండు వేసి చూసేవాడు. ఈ గుడ్డ నిప్పుకి తట్టుకుంటుందా అంటే "దాన్నే అడుగుదాం" అని అగ్గిపుల్ల గీసేవాడు. టీలో పంచదార సరిపోయిందా అన్నా అదే మాట, గ్లాసు ఎత్తేవాడు. మాటల్ని నమ్మే మనిషి కాదు. పుస్తకంలో ఉన్నా, పెద్దవాళ్ళు చెప్పినా, తనే చెప్పినా నమ్మేవాడు కాదు. వస్తువుని అడగాలి, అది చెప్పాలి.

మొదటిసారి నా షాపుకి వచ్చింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. గొడుగుగుడ్డ లాంటి నున్నటి గుడ్డ తాను ఒకటి స్కూటరు మీద కట్టుకొచ్చాడు.

"అన్నయ్యా, మనిషికి బరకం కుట్టాలి" అన్నాడు.

"మనిషికి బరకం ఒక్కసారే కప్పుతారు. దానికి కొలతలక్కర్లేదు" అన్నాను. నా నోరు అలాంటిది.

పగలబడి నవ్వాడు. నవ్వి, చొక్కా విప్పి, షాపులో సిమెంటు నేల మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్ళూ చాపాడు. "చంకల కింద నుంచి నడుందాకా ఒక రెక్క, కాళ్ళ మజ్జన ఒక రెక్క. నా చుట్టూ గీసుకో. తర్వాత చెప్తా" అన్నాడు. నేను సుద్దముక్క తీసుకుని తల దగ్గర మొదలుపెట్టాను. భుజం దాటి మోచేతి దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. హైవే మీద యాక్సిడెంటయిన చోట కానిస్టేబుల్ ఇలాగే గీస్తాడు. మా షాపు ముందే నాలుగైదుసార్లు చూశాను.

"ఏంటి, ఆపావ్?" అన్నాడు, చెంప నేలకి ఆనించుకునే.

"ఏం లేదు. కదలకు" అని మిగతాది గీశాను.

అప్పుడు చెప్పాడు. యాక్సిడెంటు లారీల్లోంచి తీసిన రెండు టర్బోలతో రెండు జెట్ ఇంజన్లు చేస్తున్నాడు. వాటిని వీపుకి కట్టుకుని, ఈ రెక్కలు తొడుక్కుని ఎగురుతాడు. ఎక్కడో విదేశాల్లో ఒకరిద్దరు చేశారట, ఫోనులో చూపించాడు. వాళ్ళ ఇంజన్లు అద్దాల పెట్టెలో నగల్లా మెరుస్తున్నాయి. "మనది కొంచెం నల్లగుంటది, అంతే తేడా" అన్నాడు. పిచ్చి ముదిరిందనుకున్నాను. అయినా కుట్టాను. ముప్పై ఏళ్ళుగా నలుచదరపు బరకాలు కుట్టినవాడికి రెక్క కుట్టమని ఒకడొచ్చి అడిగితే కాదనడం కష్టం. ఆ సంతోషం నాకూ ఉంది, దాచుకోను.

ఎర్ర దారాల సంగతి చెప్పాలి. గాలి కంటికి కనపడదు గనక అది ఎటు పోతోందో చూడ్డానికి ఊలు దారం ముక్కలు కట్టేవాడు. స్కూటరు హ్యాండిలుకి, అద్దాలకి, ఇంటి ముందు బట్టలారేసే తీగకి, ఆఖరికి భార్య టిఫిను బ్యాగుకి. రిపేరుకొచ్చిన ప్రతి లారీకీ ఒకటి కట్టి పంపేవాడు. ఆ డ్రైవరు మళ్ళీ ఇటు వస్తే ఆపి అడిగేవాడు, "దారం ఎట్టా ఉంది? పడుకునుందా, గింగిరాలు కొట్టిందా?" డ్రైవర్లు దాన్ని రక్ష అనుకున్నారు. కొందరు పనిగట్టుకుని వచ్చి దారం కట్టమని అడిగేవాళ్ళు. అతనికి ఒళ్ళు మండేది. "రక్షా లేదు, పాడూ లేదు. మా పాస్టరుగారు వింటే నన్ను గుడి బయట నిలబెడతాడు" అంటూనే కట్టేవాడు, వాళ్ళ లారీకి కూడా గాలి తగులుతుంది కదా.

ఇంజను బిగించిన మొదటిరోజు నన్ను రమ్మన్నాడు. షెడ్డు వెనక వేపచెట్టు ఉంది. ఇంజన్ని చక్రాల బండి మీద బిగించి, బండికీ చెట్టుకీ మధ్య పత్తి తూచే స్ప్రింగు కాటా కట్టాడు. చేలో కూలీలు ఏరిన పత్తి తూస్తారే, అదే. ఇంజను ఎంత బలంగా లాగుతుందో కాటా ముల్లు చెబుతుంది. పక్క చేలోంచి రెండు పత్తికాయలు తెంపి, గింజ తీసి, దూది తన చెవుల్లో కుక్కుకున్నాడు, నాకూ కుక్కాడు. బ్లోయరుతో గాలి కొట్టి డీజిలు వదిలి మంట అంటించాడు. ముందు గురక, తర్వాత కూత, తర్వాత నా పళ్ళు జివ్వుమనే అరుపు. వేపచెట్టు ఆకులు రాలి వెనక్కి కొట్టుకుపోయాయి. అతను మాత్రం కాటా ముందు గొంతుక్కూర్చుని ముల్లు వంక చూస్తున్నాడు, బడిలో రిజల్టు చూసుకునే పిల్లాడిలాగా. పక్క షెడ్డులో కోళ్ళు మూడ్రోజులు గుడ్లు పెట్టలేదని గొడవయింది. ఎస్సైగారు కూడా వచ్చారు.

"ఏంటయ్యా ఇది?"

"రైతులకి మందు కొట్టడానికండి."

"డ్రోన్లున్నాయిగా?"

"చార్జింగ్ అయిపోద్దండి వాటికి."

ఎస్సైగారు నవ్వాలా కొట్టాలా తేల్చుకోలేక వెళ్ళిపోయారు. భార్య అడిగితే, పంద్రాగస్టు నాడు మీ స్కూలు మీద పూలు చల్లుతా అన్నాడట. ఆవిడ నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. ఆ పూల మాట ఆవిడ నమ్మలేదు. కానీ అతను బరువు తగ్గాలని అన్నం మానేసి అరటిపళ్ళతో గడుపుతుంటే ఊరుకోలేకపోయింది. ఒకరోజు నాకు ఫోను చేసింది. "అన్నయ్యగారూ, ఆయన నాకన్నా తేలికైపోయారు. మీరైనా చెప్పండి" అంది. నేను చెప్పలేదు. అతని ప్యాంట్లని నడుం దగ్గర రెండుసార్లు లోపలికి పట్టి కుట్టి ఇచ్చాను, అంతే.

నాకు చెప్పిన జవాబు వేరు. ఒకసారి రెక్క అంచు మడుస్తూ ఉత్తినే అడిగాను, ఎందుకోయ్ ఇదంతా అని. చేతిలో మరని పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు లారీ క్లీనరుగా వెళ్ళేవాడు. ఒకసారి లారీ గోతిలో పడి బోల్తా కొడితే తలుపు ఊడి, అతను గాల్లోకి లేచి పోయి జొన్నచేలో పడ్డాడు. డ్రైవరు చనిపోయాడు.

"కిందపడ్డాక వణుకు పుట్టింది అన్నయ్యా. పైన ఉన్నంతసేపు ఏం లేదు. ఒక్క భయం గూడా లేదు. ఇన్నేళ్ళలో మళ్ళీ అట్టా ఒక్కసారి గూడా లేదు. ఎక్కడికెళ్ళినా భయం ఉంటానే ఉంది. అక్కడికొకసారి మళ్ళీ ఎళ్ళిరావాల."

"ఎళ్ళిరావాల" అన్నాడు. ఎళ్ళాల అనలేదు. చావాలని ఎగిరాడని అతని గురించి అన్నవాళ్ళున్నారు. వాళ్ళ కోసం ఈ మాట రాస్తున్నాను. అతను తిరిగి రావడానికి చేసుకున్న ఏర్పాటు నా చేతుల్లోనే ఉంది.

ఆ ఏర్పాటు ఇది. సూటు వీపు మీద, ఇంజన్లకి కింద, సంచిలో మడిచిన పారాచూటు. ఉత్తరాది కొండల్లో జనాన్ని ఎగరేసే ఒకాయన దగ్గర పాతది సంపాదించాడు. సంచి మీద ఒక మూత. మూత అంచుకి కుట్టు. ఛాతీ మీదున్న పిడి లాగితే ఆ కుట్టు తెగి, మూత లేచి, పారాచూటు బయటికి రావాలి. "ఈ ఒక్కచోట కచ్చా కుట్టు వెయ్యి అన్నయ్యా" అన్నాడు. కచ్చా కుట్టంటే జాకెట్టు కుట్టేవాళ్ళు కొలత కోసం ముందు వేసుకునేది, ఒంటి నూలుదారంతో దూరం దూరంగా, లాగితే ఊడొచ్చేది. "ఒక ఇంజను ఆగినా పర్లేదు, రెండూ ఆగినా పర్లేదు. లాగితే తెగాల. తెగితే ఇంటికొస్తా" అన్నాడు. నేను వేశాను. వేసేటప్పుడు నా వేళ్ళు ఇబ్బందిపడ్డాయి.

అది మీకు అర్థం కావాలంటే మా పని తెలియాలి. లారీ బరకానికి ఒక్క మూల కుట్టు ఊడితే చాలు, గాలి దూరి మొత్తం లేస్తుంది. సరుకు రోడ్డు పాలవుతుంది, వెనకొచ్చే బండివాడు పోతాడు. అందుకని మా నాన్న ఒక పద్ధతి పెట్టాడు. కచ్చా కుట్టుతో ఏ సరుకూ మా షాపు గడప దాటకూడదు. ప్రతి అంచుకీ రెండు వరసలు, మూల దగ్గర ముందుకీ వెనక్కీ నడిపించి ముడి. ఒకసారి సాయంత్రం బరకం ఇచ్చి పంపాక ఒక మూల ముడి వెయ్యలేదని గుర్తొచ్చి, మా నాన్న కోదాడ దాకా బస్సెక్కి వెళ్ళి ఆ లారీని వెతికి కుట్టొచ్చాడు. నేను ఆయన కొడుకుని.

మొదట వత్సవాయి దగ్గర ఒక రైతు చేలో ఎగిరి చూశాడు. పత్తికట్టె పీకేసిన చేను. ట్రాక్టరుకి తాడు కట్టి లాగిస్తే, ఇంజన్లు లేకుండా ఉత్త రెక్కలతో లేచాడు. తాటిచెట్టంత ఎత్తు, నాలుగు అంగలేసేంత సేపు. తర్వాత దబ్బున పడ్డాడు. లేచి, ఒళ్ళు కాదు, రెక్కల మీది దారాలు ముందు చూసుకున్నాడు. పక్క చేలో పని చేసుకుంటున్న ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని గట్టు మీదికొచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఒక ముసలావిడ దగ్గరికొచ్చి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"మీ అమ్మ ఉందా నాయనా?"

"లేదు పెద్దమ్మా."

"అందుకే" అని వెళ్ళిపోయింది.

రెండోసారి లారీ మీద. ఒక ఆదివారం తెల్లవారుతుండగా, తెలిసిన డ్రైవరు ఖాళీ లారీ తెచ్చాడు. క్యాబిను మీద ఇనపచట్రం బిగించి, దాని మీద సూటు తొడుక్కుని బోర్లా పడుకుని బెల్టులతో కట్టించుకున్నాడు. లారీ వేగానికి వచ్చే గాలిలో రెక్కలేం చెబుతాయో అడుగుదామని. నేను డ్రైవరు పక్కన కూర్చుని కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్నాను. నందిగామ నుంచి బయల్దేరి జగ్గయ్యపేట వైపు వస్తున్నాం. రోడ్డు ఖాళీగా ఉంది. లారీ బాగా వేగమందుకుంది. ఉన్నట్టుండి పైన టప్పున శబ్దం. మూత గాలికి లేచి, కుట్టు తెగి, పారాచూటు బయటికొచ్చి పడగలాగా విచ్చుకుంది. బెల్టులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. లారీ ఆగి నేను దూకి వెనక్కి పరిగెత్తేసరికి అతను లారీ వెనక తలుపుకి తలకిందులుగా, తెగిన బెల్టు ఒకటి కొక్కేనికి తగులుకుని, దానికి వేలాడుతున్నాడు. మోచేతులు రెండూ చెక్కుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

నవ్వుతున్నాడు. "తెగింది అన్నయ్యా! చూసావా, తెగింది!"

నేను రోడ్డు మీదే కూలబడ్డాను. అతను కిందికి దిగి, గొంతుక్కూర్చుని, మూత అంచు తిప్పి తిప్పి చూశాడు. "కుట్టు తప్పు కాదు. మూత అంచు కిందికి గాలి దూరతంది. సన్నటి రేకు పట్టీ వేస్తా, గాలి పైనించి పోద్ది. నువ్వు మాత్రం కుట్టు ఇదే వెయ్యి, మార్చమాక" అన్నాడు. మోచేతులకి గుడ్డలు చుట్టుకుని అక్కణ్ణించి తిన్నగా చర్చికి వెళ్ళాడు. పాటల పుస్తకం మీద రక్తం మరక చూసి భార్యకి సంగతి తెలిసింది.

అతను వేసిన రేకు పట్టీ చక్కగా ఉంది. మూత కిందికి చీమ కూడా దూరదు. అతని లెక్క సరైనదే. సూటు నా దగ్గరికి మళ్ళీ వచ్చింది, కుట్టు వెయ్యడానికి. మిషను మీద పెట్టుకుని కూర్చున్నాను. నూలుదారం ఎక్కించాను. నాకు లారీ వెనక వేలాడుతున్న మనిషి కనిపిస్తున్నాడు. గాల్లో, అతను ఎగరబోయే కృష్ణ నీళ్ళ మీద, ఇలాగే టప్పుమని ముందే తెగితే? పారాచూటు వెళ్ళి ఇంజను మంటలో పడితే? మనిషి ప్రాణం మీద కచ్చా కుట్టేమిటి? నూలుదారం తీసేశాను. నైలాన్ ఎక్కించాను. ఒక వరస, దాని పక్కన ఇంకో వరస. మూలలకి ముందుకీ వెనక్కీ నడిపి ముడులు. తర్వాత సూటుని నేల మీద పరిచి, దాని మీద రెండు కాళ్ళూ వేసి నిలబడి, మూతని రెండు చేతులా పట్టి లాగాను. కదల్లేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అది నేను మర్చిపోలేను. నాకు హాయిగా అనిపించింది.

లాగినా తెగకపోతే ఏమవుతుందో ఆలోచించలేదా అంటే, ఆలోచించాను. పిడి లాగితే మనిషి బలానికి అదే వస్తుందిలే అనుకున్నాను. నా రెండు చేతులకీ రాని మూత అతని ఒంటి చేతికి వస్తుందనుకున్నాను. ఎలా అనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

అతను వచ్చాడు. సూటు మడుచుకుంటూ, "కచ్చా కుట్టేగా అన్నయ్యా?" అన్నాడు.

"ఆఁ" అన్నాను.

బోల్టుని అడిగాడు, గుడ్డని అడిగాడు, గాలిని అడిగాడు. వేపచెట్టుకి కాటా కట్టి ఇంజన్ని అడిగాడు. ఆ ఒక్క కుట్టుని మాత్రం అడగలేదు. నన్నడిగాడు. సూటు చంకలో పెట్టుకుని స్కూటరెక్కి నందిగామ వైపు వెళ్ళిపోయాడు. హ్యాండిలుకి ఎర్ర దారం ఎగురుతోంది.

ముక్త్యాల దాటాక కృష్ణ ఒడ్డున నిట్రంగా ఉన్న గుట్ట ఒకటి ఉంది. దాని మీదికి ఇనప చానళ్ళు మోయించి, వాలులో పరిచి, జారే బండి ఒకటి చేసుకున్నాడు. కింద నీళ్ళు. ఆ పొద్దున అక్కడున్నది నేనూ, వత్సవాయి రైతూ. నీళ్ళలో రెండు చేపల పడవలు. అతని భార్యకి స్కూల్లో పరీక్షలు, రాలేదు. రావొద్దని అతనే అన్నాడట. చెవుల్లో దూది కుక్కుకున్నాడు. చిటికెనవేలికి ఎర్ర దారం కట్టుకున్నాడు. ఇంజన్లు రెండూ గురకపెట్టి, కూతేసి, అరిచాయి. అతను నా వైపు తిరిగి ఏదో అన్నాడు. వినపడలేదు. పెదాలు చూసి తెలుసుకున్నాను, "అడుగుదాం."

ఎగిరాడు. పోలీసులు ఈ మాట రాసుకోలేదు, పేపరువాళ్ళు రాయలేదు, అందుకని నేను రాస్తున్నాను. బండి జారి అంచు దాటాక ఒక్క క్షణం కిందికి దిగాడు, తర్వాత లేచాడు. నీళ్ళ మీదుగా వెళ్ళి, ఎడమ భుజం వాల్చి, మేం నిలబడ్డ గుట్ట కంటే పైకి, ఇంకా పైకి ఎక్కి, వెనక్కి తిరిగాడు. నేను కుట్టిన రెక్కలు బిగిసి నిలబడ్డాయి. రైతు రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నాడు. నేనూ అరిచాననుకుంటాను. భయం లేని చోటికి అతను వెళ్ళాడు, నేను చూశాను.

తర్వాత ఒక ఇంజను కూత ఆగింది. అతను ఒక పక్కకి ఒరిగాడు. అంతవరకూ అనుకున్నదే. రెండో ఇంజను తనే ఆపేశాడు. చుట్టూ నిశ్శబ్దం. అతని కుడిచెయ్యి ఛాతీ మీదికి వచ్చింది, లాగింది. ఏమీ కాలేదు. మళ్ళీ లాగింది. మూడోసారి రెండు చేతులూ రెక్కలు వదిలేసి ఛాతీ మీదికొచ్చాయి, నాకు స్పష్టంగా కనిపించింది. చేతులు వదిలేసరికి రెక్కలు ముడుచుకుపోయాయి. చేపల పడవలు అతని దగ్గరికి వెళ్ళేసరికి చెయ్యాల్సిందేమీ మిగల్లేదు.

తుక్కు ఇంజను ఆగిపోయిందన్నారు. అందరూ అదే అన్నారు. పేపర్లో అదే వచ్చింది. పడవలోంచి ఎవరో తీయగా ఫోన్లలో తిరిగిన వీడియో కింద అదే రాశారు. నందిగామ టీకొట్టు దగ్గర, "లారీ టర్బోతో విమానమేందయ్యా, ఆగక ఏం చేస్తది?" అని ఒకాయన అంటే చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను. ఆ ఇంజను ఆగినా పర్లేదని అతను ముందే చెప్పాడు. అతని పని మీద పడ్డ నిందని నేను నోరు మూసుకుని పడనిచ్చాను. వాళ్ళ ఊరు చందర్లపాడులో సమాధి చేసేటప్పుడు లారీ డ్రైవర్లు చాలామంది వచ్చారు. కొందరు బళ్ళు రోడ్డు మీదే ఆపి, అద్దాలకి ఎర్ర దారాలతోనే వచ్చారు. నేను ఒక మూల నిలబడి ఒక పిడికెడు మట్టి వేసి వచ్చేశాను.

అయిదారు నెలల తర్వాత అతని భార్య బస్సు దిగి మా షాపుకొచ్చింది. చేతిలో బియ్యం సంచి. పోలీసు స్టేషన్లో ఇచ్చేశారట. సంచిలోంచి సూటు తీసి నా మిషను మీద పెట్టింది. బురద ఎండి చారలు కట్టి ఉంది.

"ఇంట్లో ఉంచుకోలేకపోతున్నా అన్నయ్యగారూ. పారెయ్యబుద్ధీ కావట్లేదు. మీ చేతి పని కదా, మీ దగ్గరుంటే బాగుంటుంది."

"ఉండనీ చెల్లెమ్మా" అన్నాను.

ఆవిడ వెంటనే వెళ్ళలేదు. గుడ్డ మీద చెయ్యి వేసి మెల్లగా తడుముతూ నిలబడింది. చంక కింది అతుకు చూసింది, కాళ్ళ మధ్య రెక్క చూసింది, వీపు వైపు తిప్పి మూత అంచు వెంట వేలు నడిపించింది. మూల దగ్గర, ముడి మీద, ఆవిడ వేలు ఆగింది.

"ఆయన ఎవర్నీ నమ్మేవారు కాదు. మీ కుట్టు ఒక్కటే నమ్మేవారు" అంది. "చూడండి అన్నయ్యగారూ. ఇంజను మోసం చేసింది గానీ, అంత ఎత్తు నించి పడ్డా మీ కుట్టు ఒక్కటి కూడా తెగలేదు."

"అవునమ్మా" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని బస్సుకి వెళ్ళిపోయింది. సూటు అటక మీద పెట్టాను. అప్పట్నించీ అక్కడే ఉంది.

మంగళవారం ఆ ఒడిశా లారీ బరకం మూల కుట్టి, ముడి వేసి పంపించాను. దారం విప్పలేదు. నేను రాసింది ఎక్కడ అచ్చయినా ఆవిడ చదువుతుంది. తెలుగు టీచరు కదా, తప్పులుంటే ఫోను చేసి చెబుతుంది. దీన్నీ చదువుతుంది. ఇంజను మోసం చెయ్యలేదు చెల్లెమ్మా. మూత అంచుకి నైలాన్ దారం, రెండు వరసలు, రెండు మూలలా ముడులు. అవి ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, నేను విప్పలేదు. నువ్వొస్తే అటక మీంచి దించి చూపిస్తాను.